గూడబాతు మామ్మ బొమ్మ కింద లేని పేరు

పోయిన నెల ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. భీమడోలులో ఒకావిడ ఎక్కి, ఒళ్ళో కూరల సంచీ పెట్టుకుని, కండక్టరుకి ఆధారు కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుని, చెంగుతో ముఖం తుడుచుకుని, ఇక తన పని అయిపోయిందన్నట్టు ఫోను తీసింది. కాసేపు తనలో తాను నవ్వుకుంది. ఒక్కర్తే నవ్వుకోవడం బాగోలేదనుకుందో ఏమో, ఫోను నా వైపు తిప్పింది.

"పిన్నిగారూ, మీకు కళ్ళజోడుంది కదండీ, కాస్త ఇది చదివి పెడతారా? బొమ్మ చూస్తేనే నవ్వొస్తోంది గానీ, రాసింది కనపట్టం లేదండీ నాకు."

చూశాను. బస్సులో సీటు మీద ఒక గూడబాతు కూర్చుని ఉంది. నేతచీర కట్టుకుని, ముక్కు మీదికి చెంగు లాక్కుని, ముక్కు కింద వేలాడే సంచిలో నాలుగు చేపలు పెట్టుకుని ఉంది. చేపలకి కూడా టికెట్టు తీసుకోమంటున్నాడు కండక్టరు. "నా నోట్లో ఉన్నదానికి టికెట్టేమిటి నాయనా, నీ నోట్లో కిళ్ళీకి తీసుకున్నావా?" అంటోంది గూడబాతు. ఆవిడకి చదివి వినిపించాను. నిజం చెప్పాలంటే చదవనక్కరలేకపోయింది, ఆ మాట నాకు కంఠస్థం. మా మేనత్త ఒకసారి కైకలూరు బస్సులో కండక్టరుతో అన్న మాట అది. దాన్ని బొమ్మ చేసింది నా మనవరాలు. బొమ్మ కింద మూలన మాత్రం మరెవరిదో పేరు ఉంది. అడిగింది కదా అని ఆ పేరు కూడా చదివాను.

"భలే గీశాడండీ ఎవడో! మా గ్రూపులో రోజూ వస్తాయండీ ఇవి" అని ఆవిడ పకపకా నవ్వింది. ఉంగుటూరులో దిగుతూ, "మీరు భలే చదువుతారండీ, టీచరు చేశారా ఏమిటి?" అని కూడా అడిగింది. బస్సు కదిలిపోయింది కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది. ఆ బొమ్మ గీసింది మా పిల్ల అని ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో మీకు చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని ఇది రాస్తున్నాను. మీలో చాలామంది నా ఈడువాళ్ళే అయి ఉంటారు, నా భయం మీకు కొంతైనా తెలుస్తుంది.

నేను పుట్టింది కొల్లేటి లంకలో. మా చిన్నతనంలో వానలు పడితే ఊరు చుట్టూ నీళ్ళే. బడి అవతలి గట్టున ఉండేది. మగపిల్లల్ని దోనెలో దాటించేవాళ్ళు. ఆడపిల్లలకి దోనె ఎందుకులే అనుకునేవాళ్ళు. మేము కిక్కిస గడ్డి కోసి మోపులు కట్టేవాళ్ళం, చేపలు ఎండబెట్టేవాళ్ళం, అవి కాకులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కాపలా కాసేవాళ్ళం. అక్షరం ముక్క రాదన్న దిగులు ఆ రోజుల్లో నాకు లేదు. మా ఇంట్లో ఎవరికీ రాదు కాబట్టి, అది ఒక లోటని తోచలేదు.

లోటని తెలిసింది మావారు పోయాక. మా వాటాకి చెరువులో కాస్త భూమి ఉండేది. చేపల చెరువులు వేసేవాళ్ళు వచ్చి, మూడేళ్ళు చేపలు పెంచుకుని తిరిగి ఇచ్చేస్తామని, అది కౌలు కాయితమని చెప్పి, నా బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేయించుకున్నారు. మూడేళ్ళయ్యాక వెళ్ళి అడిగితే, ఇచ్చేసింది మళ్ళీ అడుగుతావేమిటమ్మా అన్నారు. ఆ కాయితంలో ఏముందో నాకు ఈనాటికీ పూర్తిగా తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే: కాయితం మీద మన గుర్తు పడిందంటే, ఆ కాయితంలో ఉన్నది ఇక మనది కాదు. ఆ తరువాత గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి సంతకం చేయమన్నా, పోస్టుమాను వేలిముద్ర వేయమన్నా, పక్కింటివాళ్ళని పిలిచేదాన్ని. నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేదాన్ని.

నా కూతురూ అల్లుడూ పెదవేగి దగ్గర పామాయిలు తోటల్లో గెలలు కోసే పనికి వెళ్ళేవాళ్ళు. అక్కడే తోటలోని షెడ్డులో కాపురం. మనవరాలికి ఏలూరులో ఇంటరులో సీటు వచ్చినప్పుడు, పిల్లని హాస్టల్లో పడేయడం ఇష్టం లేక, అక్కడ ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకుని, వండిపెట్టమని నన్ను దింపారు. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. పిల్ల ఉదయం కాలేజీకి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాకు గోడలే దిక్కు. ఒకరోజు కూరగాయలకని బయలుదేరి, వేరే ఊరి బోర్డున్న బస్సెక్కి దెందులూరు దాకా పోయి, కళ్ళనీళ్ళతో తిరిగొచ్చాను. ఆ సాయంత్రం పిల్ల నన్ను ఏమీ అనలేదు. నోటుబుక్కు తీసి ఒక గూడబాతుని గీసింది. దానికి నా చీర కట్టింది, నా ముక్కుపుడక పెట్టింది. దాని నోటి పక్కన బుడగలాంటిది గీసి, అందులో ఒకే ఒక్క అక్షరం రాసింది.

"ఏమంటోందో చెప్పు అమ్మమ్మా."

"నాకేం తెలుసే?"

"ఎదురుగా ఈ పిల్ల గూడబాతు పారిపోతోంది కదా. మామ్మ ఏమని పిలుస్తుంది?"

"రా అని పిలుస్తుంది."

"అదే అక్షరం. రా."

అలా మొదలైంది నా చదువు. పలకా లేదు, అ ఆ లు వరసగా దిద్దడమూ లేదు. రోజుకో బొమ్మ గీసేది. బుడగలో మాటలు ఒకటి రెండయ్యాయి, రెండు నాలుగయ్యాయి. గూడబాతు ఏమంటుందో తెలుసుకోవాలన్న ఆత్రం కొద్దీ చదివేదాన్ని. గీయడానికి కథలు కావాలి కాబట్టి, అన్నం తింటూ నన్ను అడిగేది. నేను మా లంకలో సంగతులు చెప్పేదాన్ని: మేనత్త కండక్టరుతో పెట్టుకున్న తగువు, దోనెలో పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతురి కన్నా ముందు పెట్టె నీళ్ళలో పడిపోవడం, రేషను కొట్టులో మిషను మీద వేలు పెడితే అరిగిపోయిన నా వేలిముద్ర పడకపోవడం. చివరిదానికి పిల్ల గీసిన బొమ్మ ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. వేలు పెట్టమంటే గూడబాతు మామ్మ మిషను మీద రెక్క పరిచి పడుకుంది. వెనక లైనంతా "త్వరగా కానివ్వండి మామ్మగారూ" అంటోంది.

సంవత్సరం తిరిగేసరికి నేను వార్తాపత్రికలో పెద్దక్షరాలు కూడబలుక్కునే దాకా వచ్చాను. పిల్ల ఆ బొమ్మల్ని ఫోనులోకి ఎక్కించి, రంగులు వేసి, అందరూ చూసేలా ఒక పేజీ పెట్టింది. ముందు కాలేజీ స్నేహితులు చూశారు, తరువాత ఎవరెవరో. ఊళ్ళు కూడా తెలియని మనుషులు. సాయంత్రం ఆమె టీ తాగుతుంటే బొమ్మల కింద ఎవరేమి రాశారో ఒక్కొక్కటే నేను పైకి చదివి వినిపించడం మా ఇద్దరికీ ఆనవాయితీ అయింది. నాకది పాఠం, ఆమెకది పండగ. "మా నాయనమ్మ అచ్చం ఇలాగేనండీ" అని ఒకరు, "మామ్మ మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని ఒకరు. అక్షరం అక్షరం కూడబెట్టుకుని చదివి, చివరికి అర్థమయ్యాక నవ్వేదాన్ని. నా నవ్వు కోసం ఆమె ఎదురుచూసేది. నా జీవితంలో అంత మంచి సాయంత్రాలు మరి లేవు.

అలాంటి ఒక సాయంత్రమే బొమ్మ కింద మూలన ఉన్న చిన్న అక్షరాలు నా కంట పడ్డాయి. కూడబలుక్కున్నాను. మా పిల్ల పేరు. అంతకుముందు ఆ అక్షరాలు చీర అంచు మీద ముగ్గు అనుకున్నాను. మనవరాలి పేరు మొదటిసారి చదివిన సంతోషం నాకు కలగాలి. కలగలేదు. చెరువు కాయితం మీద పడ్డ నా వేలిముద్ర గుర్తొచ్చింది.

"ఇదేమిటే, ఇక్కడ నీ పేరెందుకు పెట్టావు?"

"సంతకం అమ్మమ్మా. గీసినవాళ్ళు అందరూ పెట్టుకుంటారు."

"సంతకమా? సంతకం పెట్టావంటే ఇచ్చేసినట్టే. తీసెయ్యి."

"ఇచ్చేసినట్టు కాదే అమ్మమ్మా, నాదని చెప్పినట్టు! దీనికీ మన చెరువు కాయితానికీ ఏమిటే సంబంధం?" అని పడీపడీ నవ్వింది.

ఆమె నవ్వేకొద్దీ నాకు మొండితనం పెరిగింది. ఊరూ పేరూ తెలియని వేలమంది చేతుల్లోకి పోయే కాయితం మీద ఆడపిల్ల పేరేమిటి, రేపు ఎవరైనా ఆ పేరు చూపించి ఏదైనా లాక్కుంటే అడ్డుకునేవాళ్ళు ఎవరున్నారు అనుకున్నాను. ఆ పూట పాఠానికి కూర్చోలేదు. మరుసటి రోజు అన్నం వడ్డించి నేను తినలేదు. పక్కవాటాలో తివాచీలు నేసే ఒక ముస్లిం ఆవిడ ఉండేది, నా ఈడుదే. ఆవిడ మా ఇద్దరి గొడవా విని, "పెట్టుకోనివ్వండి వదినగారూ, పిల్లది పని కదండీ. మా తివాచీ తిరగేస్తే ఎవరు వేసిన ముడో మాకు తెలుస్తుందండీ. బొమ్మకి ముడి ఉండదు కదా, పేరే గుర్తు" అని నచ్చజెప్పబోయింది. ఆవిడ మాట చెవిన పెట్టలేదు. మూడో రోజు పిల్ల చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకుని, పేరు తీసేస్తానని ఒట్టు వేయించుకున్నాను.

ఈ కాలం పిల్లలు ఒట్లు నమ్మరంటారు. మా పిల్ల నమ్మిందో లేదో గానీ, నా నెత్తి మీద వేసిన ఒట్టు తప్పలేదు. పేరున్న బొమ్మలన్నీ పేజీలోంచి చెరిపేసింది. ఒక్కొక్క బొమ్మకీ ఆ మూల మళ్ళీ గీసి, రంగు వేసి, పేరు లేకుండా తిరిగి పెట్టుకుంటూ వచ్చింది. వేసవి సెలవులన్నీ ఆ పనికే పోయాయి. నేను పక్కన కూర్చుని మామిడికాయ ముక్కలు కోసుకుంటూ, నా మాట నెగ్గిందని హాయిగా ఉన్నాను.

ఆ వేసవిలోనే, చెరపకముందు ఎవరో దాచుకున్న బొమ్మలు, మూలన పేరు కోసేసి, మరొక పేరుతో మరొక పేజీలో రావడం మొదలైందని మాకు తెలియలేదు. తెలిసింది వానలు పడ్డాక. కాలేజీ గ్రూపులో ఎవరో మామ్మ బొమ్మ పంపి, "మీ ఇంటి మామ్మ లాగే ఉందే" అని రాశారట. పిల్ల గబగబా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా ముందు కూర్చుంది. చెప్పింది. అడిగింది కూడా. స్నేహితులంతా పేరు బొమ్మ మధ్యలో, చీర మీదుగా, ఎవరూ కోయలేని చోట లేతగా వేసుకోమంటున్నారని, కొత్తగా గీసేవాటికైనా వేసుకుంటానని.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే అమ్మమ్మా. ఒక్కసారి అనవే, చాలు."

చిన్నపిల్లలు ఆటల్లో అనే మాట. నేనూ అంతే తేలికగా అనేయవచ్చు. ఎంతసేపు పడుతుంది? కానీ నేనేమన్నానో చూడండి. "చూశావా, పేరు పెట్టిన బొమ్మలే పోయాయి. పేరు లేనివి ఎవరూ ముట్టలేదు. నేను చెప్పలేదూ?" అన్నాను. నా అనుభవమే నిజమని మళ్ళీ రుజువైనట్టు ఒక గర్వం కూడా వచ్చింది నాకు. పిల్ల లేచి వెళ్ళి చెప్పులు విప్పుకుంది.

మరుసటి ఏడు పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళ తరఫున విజయవాడ నుంచి ఒకావిడ ఫోను చేసింది. మామ్మ కథలు పుస్తకంగా వేస్తామన్నారు. అట్ట మీద ఆమె పేరు అచ్చవుతుందన్నారు. ఆ పేరుకి భయపడాలని కూడా నాకు తోచలేదు, అంత సంబరపడ్డాను. కూతురికి ఫోను చేసి చెప్పాను, తివాచీలావిడకి చెప్పాను, పాలవాడికి చెప్పాను. మా లంక కథలు పుస్తకమవుతాయి, ఆ పుస్తకం నేను స్వయంగా చదువుకుంటాను అనుకుని ఒక్కదాన్నే వంటింట్లో నవ్వుకున్నాను.

నెల తిరక్కుండా ఆ పుస్తకాలావిడే మళ్ళీ ఫోను చేసింది. ఎంతో మర్యాదగా, నొచ్చుకుంటూ మాట్లాడింది. ఈ బొమ్మలు తమవని ఇంకొకరు అంటున్నారని, తేదీలు చూస్తే వాళ్ళు పెట్టినవే ముందున్నాయని, మీ బొమ్మల మీద ఎక్కడా పేరు కూడా లేదు కదమ్మా అని. పేరు తీయడానికి పాతవి చెరిపి మళ్ళీ పెట్టినందువల్ల, మా పిల్ల తేదీలన్నీ ఆ రెండో పేజీవాడి తేదీల కన్నా వెనకపడ్డాయి. మా అమ్మమ్మ ఒట్టు వేయించుకుంది, అందుకని చెరిపాను అని ఎవరితో చెప్పుకుంటుంది? మొదట గీసిన నోటుబుక్కులు చూపిద్దామంటే, వాటి మీద తేదీలు లేవు, వంకర టింకరగా నేను దిద్దుకున్న అక్షరాలున్నాయి. అయినా అన్నీ ఫోటోలు తీసి పంపింది. ఆవిడ చూసి, నాకు నమ్మకంగానే ఉందమ్మా గానీ పైవాళ్ళు ఒప్పుకోవడం లేదు అంది. పుస్తకం ఆగిపోయింది.

ఆ పేజీ వాళ్ళు ఊరుకోలేదు. తమ బొమ్మల్ని ఎవరో పిల్ల తనవని చెప్పుకుంటోందని పెట్టారట. మాకు ఆ సంగతి అప్పటికి తెలియదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే పిల్ల టీ గ్లాసుతో కూర్చుంది. దిగులుగా ఉంది కదా, నాలుగు మంచి మాటలు చదివి వినిపిద్దామని ఫోను నేనే తీశాను. నేను చదివే తీరు మీకు చెప్పాను కదా, ఒక్కొక్క అక్షరం పైకి పలికి, అన్నీ అయ్యాక గానీ మాట అర్థం కాదు నాకు. "దొం" అన్నాను. "గ" అన్నాను. పక్కన ఇంకో మాట ఉంటే దాన్నీ పలకబోయాను. అప్పుడు అర్థమైంది. మామ్మ బొమ్మ కింద, మా పిల్లని, దొంగ అని. దాని కిందా అదే. దాని కిందా అదే. చదవడం ఆపేసి ఫోను ఒళ్ళో బోర్లించాను.

పిల్ల టీ పూర్తిగా తాగింది. గ్లాసు కింద పెట్టింది. "చదవడం బాగా వచ్చేసింది అమ్మమ్మా నీకు" అంది.

కోపంగా అనలేదు. దెప్పిపొడవనూ లేదు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ రాత్రి కాదు, ఆ వారం కాదు, ఇంకెప్పుడూ ఆమె గూడబాతుని గీయలేదు. పేజీ తీసేసింది. తీసేయడం చూసి, నిజంగా దొంగే కాబట్టి పారిపోయిందని కొందరు అనుకుని ఉంటారు.

కొన్నాళ్ళకి ధైర్యం తెచ్చుకుని, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానే" అన్నాను. జడ వేసుకుంటోంది అప్పుడు. "సరేలే అమ్మమ్మా" అని నవ్వి, "పేరున్నా కోసేసేవాడేలే, నువ్వు బాధపడకు" అంది. అది నిజమే కావచ్చు. పేరుంటే పేరు కోసేవాడు. తేదీని మాత్రం వాడు కోయలేకపోయేవాడు. దాన్ని నేను చెరిపించాను.

డిగ్రీ అయ్యాక ఆమె తాడేపల్లిగూడెంలో ఫ్లెక్సీలు వేసే షాపులో కంప్యూటరు పనికి చేరింది. పెళ్ళి బ్యానర్లు, పుట్టినరోజు బ్యానర్లు చేస్తుంది. బాగా చేస్తుందని ఓనరుగారు నాతోనే అన్నారు. నెలకోసారి నేను పచ్చళ్ళు పట్టుకుని వెళ్ళి చూసి వస్తుంటాను. ఒకసారి షాపులో కూర్చుని ఉండగా, నీకు ఇంకా మామ్మని గీయడం వచ్చా అని అడిగాను. "ముక్కు ఎలా తిప్పేదాన్నో మర్చిపోయానే" అంది, తెర మీద ఎవరిదో పెళ్ళికొడుకు ఫోటో సరిచేస్తూ. మర్చిపోయిందో, నాకు అలా చెప్పిందో నేను అడగలేదు.

మా రోజుల్లో ఒక వస్తువు చేతికొస్తే, దాని వెంట చేసిన మనిషి కూడా వచ్చేవారు. వల చూసి ఎవరల్లారో చెప్పేవాళ్ళం, చాప చూసి ఏ ఇంటిదో చెప్పేవాళ్ళం, ఆవకాయ నాలుక మీద పడగానే ఏ వదినగారి చెయ్యో తెలిసిపోయేది. ఎవరూ ఎక్కడా పేరు రాయలేదు, రాయనక్కరా లేకపోయింది. ఈ ఫోనుల కాలం అలాంటిది కాదని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. నాకు చదువు వచ్చినట్టే.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళ గ్రూపులో నేనూ ఉన్నాను. పొద్దున్న లేస్తే దేవుళ్ళ బొమ్మలు, పువ్వులు, జోకులు, ముగ్గులు. ఏ బొమ్మ వచ్చినా నేను ముందు మూలన చూస్తాను. పేరు లేకపోతే, ఇది ఎవరు గీశారండీ అని రాస్తాను. తప్పులతో రాస్తాను గానీ రాస్తాను. మొదట్లో వింతగా చూశారు, ఇప్పుడు నేను అడగకముందే నవ్వుతున్నారు. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఎవరిదో అండీ, మాకొచ్చింది, పంపాం."

వాళ్ళని ఏమీ అనలేను. ఎవరిదో తెలిసి కూడా, ఆ పేరు చెరిపించినదాన్ని నేను.